లైపో ప్యాక్ బ్యాలెన్సింగ్: బీ3 చాలా, బీ6 కొనాలా, ఇంకా పెద్దదే కావాలా?

పోయిన నెల గుంటూరు అవతల, వరి కోతలైపోయిన పొలంలో మా బ్యాచ్ రిమోట్‌తో నడిపే మోడల్ విమానాలు ఎగరేస్తోంది. ఇంజినీరింగ్ రెండో ఏడు కుర్రాడొకడు కొత్త ఫోమ్ ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునే విమానం, తెచ్చాడు. గాల్లోకి లేచి ఐదు నిమిషాలైందో లేదో, ఫుల్ థ్రాటిల్ ఇవ్వగానే మోటార్ ఆగిపోయింది. పాపం బాగానే దింపాడు గానీ చివర్లో గట్టు తగిలి ప్రొపెల్లర్ విరిగింది. "ఫుల్ ఛార్జ్ పెట్టే తెచ్చానన్నా, ఇంటి దగ్గర మీటర్ పెడితే 12.6 వోల్ట్స్ చూపించింది" అంటాడు. ఒక్కో సెల్ వోల్టేజ్ చూపించే సెల్ చెకర్ నా జేబులో ఎప్పుడూ ఉంటుంది, అది తీసి వాడి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్ బ్యాలెన్స్ ప్లగ్‌కి, అంటే ఒక్కో సెల్ నుంచి సన్నటి వైర్లు వచ్చే ప్లగ్గుకి, తగిలించాను. మొదటి సెల్ 3.79, రెండోది 3.80, మూడోది 3.30.

వాడు అబద్ధం చెప్పలేదు. 3ఎస్, అంటే మూడు సెల్స్ వరసగా కలిపిన ప్యాక్‌లో 12.6 అంటే మూడు సెల్స్ సరిగ్గా నిండి తలా 4.20 ఉన్నాయని మనం అనుకుంటాం, కానీ 4.30, 4.30, 4.00 ఉన్నా కూడితే వచ్చేది అదే 12.6. వాడి దగ్గరున్నది రెండు వైర్ల మామూలు అడాప్టర్, ప్యాక్ మెయిన్ లీడ్‌కి, అంటే లావు వైర్ల జతకి, తగిలిస్తే మొత్తం వోల్టేజ్ చూసి ఆగిపోతుంది, లోపల ఏ సెల్ ఎక్కడుందో దానికి తెలియదు. ఎగిరేటప్పుడు ఈఎస్‌సీది, అంటే మోటార్ వేగాన్ని నడిపే సర్క్యూట్‌ది, కూడా అదే కథ. చాలావాటిలో మోటార్‌ని ఆపే కట్ ఆఫ్ మొత్తం వోల్టేజ్ మీదే ఉంటుంది. 9.6 దగ్గర కట్ అయ్యేలా పెట్టుకున్నామనుకోండి, అది సెల్‌కి 3.2 లెక్క. కానీ లోడ్ మీద రెండు సెల్స్ 3.5 దగ్గరుండి మూడోది 2.6కి పడిపోయినా మొత్తం 9.6 అవుతుంది. 3.0 కిందకి పోయిన లైపో సెల్ మళ్లీ మునుపటిలా అవ్వదు. అంటే ఛార్జింగ్‌లో రెండు సెల్స్‌ని ఉడకబెట్టి, ఎగిరేటప్పుడు మూడోదాన్ని పిండేస్తున్నాం. ఇలా కాకుండా సెల్స్ అన్నిటినీ ఒకే వోల్టేజ్‌కి తేవడమే బ్యాలెన్సింగ్.

సాయంత్రం టీ కొట్టు దగ్గర "అయితే ఏ ఛార్జర్ కొనాలన్నా" అని మొదలైంది. ఒకడు బీ3 అనే చిన్న ఛార్జర్ చాలన్నాడు, ఇంకొకడు కొంటే పెద్దదే కొనమన్నాడు, నాలుగు ప్యాకులు ఒకేసారి పెట్టే ప్యారలల్ బోర్డు గురించి మూడోవాడు చెప్పాడు. అందరూ వాళ్ల వాళ్ల దగ్గరున్నదాన్నే మెచ్చుకుంటున్నారు, సహజమే. నేను వీటిలో పెద్ద ఛార్జర్ తప్ప అన్నీ సొంతంగా వాడి చూశాను, అది కూడా మా వాళ్ల దగ్గర వాడాను కాబట్టి ఇది రాస్తున్నా.

ముందు బీ3 సంగతి. అరచేతిలో పట్టే చిన్న డబ్బా, సరాసరి కరెంటు ప్లగ్గులో పెట్టి, ప్యాక్ బ్యాలెన్స్ వైరు అందులో గుచ్చితే మూడు ఎర్ర లైట్లు వెలుగుతాయి, సెల్ నిండితే పచ్చగా మారతాయి. 2ఎస్, 3ఎస్ తప్ప వేరేది పట్టదు. ఇందులో తమాషా ఏంటంటే, దీనికి బ్యాలెన్సింగ్ అనే గొడవే లేదు. లోపల మూడు చిన్న ఛార్జర్లు విడివిడిగా ఉంటాయి, ఒక్కో సెల్‌ని ఒక్కొక్కటి 4.20కి తీసుకెళ్లి ఆపేస్తుంది. ఆలోచన పరంగా చూస్తే మిగతా అన్నిటికంటే ఇదే నిక్కచ్చిగా ఉంటుంది. తేడా వచ్చేది వేగంలో. సెల్‌కి ముప్పావు ఆంప్, మహా అయితే దానికి కాస్త అటూ ఇటూ ఇస్తుంది, 2200 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్) సామర్థ్యమున్న ప్యాక్ ఖాళీ అయితే రెండున్నర గంటలు, ఒక్కోసారి మూడు. 850, 1000 ప్యాకులకి హాయిగా సరిపోతుంది. ఇంకో లోటు, స్క్రీన్ లేదు. పచ్చ లైటు వచ్చింది కాబట్టి 4.20 అయిందని నమ్మడమే, లోపలి మూడు సర్క్యూట్లూ ఒకేలా ఆగుతాయన్న గ్యారంటీ చవక డబ్బాల్లో లేదు. వాడకుండా దాచే వోల్టేజ్‌కి ప్యాక్‌ని తెచ్చే స్టోరేజ్ మోడ్ కూడా లేదు, మన ఎండలకి అదెంత పెద్ద లోటో తర్వాత చెప్తాను. రెండు చిన్న ప్యాకులు ఉండి ఆదివారం ఆదివారం ఎగరేసేవాళ్లు బీ3తో మొదలుపెడితే తప్పేం లేదు, కానీ సెల్ చెకర్ మాత్రం పక్కన తప్పనిసరిగా ఉండాలి.

రెండో దారి, ఉన్న అడాప్టర్ ఉంచుకుని విడిగా ఒక బ్యాలెన్సర్ కొనడం. బ్యాలెన్స్ ప్లగ్‌కి తగిలించే చిన్న పరికరం అది, ఎక్కువ ఉన్న సెల్స్‌ని రెసిస్టర్ల మీద కొద్దికొద్దిగా కాల్చి, తక్కువ ఉన్నదాని దగ్గరకి దింపుతుంది. నేను దీనికి ఓటు వేయను. ఎందుకంటే అసలు తప్పు జరిగేది ఛార్జింగ్ చివర్లో, సెల్ 4.20 దాటేటప్పుడు. అప్పుడు పట్టుకోవాలి గానీ, 4.30కి ఎక్కించేశాక తీరిగ్గా కిందకి దింపితే జరిగిన నష్టం ఎక్కడికి పోతుంది? ఇంట్లో ఊరికే ఉన్న ప్యాక్‌ని సర్దడానికైతే పనికొస్తుంది.

మూడోది మనలో ఎక్కువమంది దగ్గరుండే బీ6 రకం. నీలం డబ్బా, రెండు లైన్ల స్క్రీన్, నాలుగు బటన్లు, 1ఎస్ నుంచి 6ఎస్ దాకా. ఇది మెయిన్ లీడ్ నుంచి కరెంటు తోస్తూ, బ్యాలెన్స్ వైర్ల నుంచి ఒక్కో సెల్‌ని చూస్తూ ఉంటుంది. ఏ సెల్ ముందు పరిగెడుతుందో దాని కరెంటుని కొంచెం పక్కకి మళ్లించి రెసిస్టర్ మీద వేడిగా తగలేస్తుంది, మిగతావి వచ్చి కలిసేదాకా. చిన్న ప్యాక్‌కైనా పెద్ద ప్యాక్‌కైనా ఇదే పద్ధతి. తేడా ఎక్కడంటే ఆ పక్కకి మళ్లించే కరెంటు ఎంత అన్నదాంట్లో. బీ6లో అది సెల్‌కి దాదాపు 300 మిల్లీయాంప్స్. కొనేటప్పుడు అందరూ డబ్బా మీద 50 వాట్లా 80 వాట్లా అని చూస్తారు, నేను చూడమనేది ఈ అంకె.

లెక్క వేసి చూద్దాం. పైన, అంటే 4.1 నుంచి 4.2 మధ్యలో, 0.05 వోల్ట్ తేడా అంటే సుమారుగా సెల్ సామర్థ్యంలో ఐదు శాతం. 2200 ప్యాక్‌లో అది 110 ఎంఏహెచ్. 300 మిల్లీయాంప్స్‌తో దాన్ని సరిచేయడానికి ఇరవై, పాతిక నిమిషాలు. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది, గొడవ లేదు. అదే తేడా 5000 ఎంఏహెచ్ 6ఎస్ ప్యాక్‌లో ఉంటే 250 ఎంఏహెచ్ కాల్చాలి, చివర్లో దాదాపు గంట అదనంగా కూర్చుంటుంది. ఆ ప్యాక్‌ని 1సీలో, అంటే గంటలో నిండే లెక్క కరెంటుతో, పెట్టాలంటే 5 ఆంప్స్, 25.2 వోల్ట్స్, అంటే 126 వాట్లు కావాలి, 80 వాట్ల డబ్బా అక్కడా చేతులెత్తేస్తుంది. మూడు, మూడున్నర ఆంప్స్ దాటి ఇవ్వలేదు. 3ఎస్ 2200కి మాత్రం 1సీ అంటే 2.2 ఆంప్స్, 28 వాట్లు. ఏ బీ6 అయినా నవ్వుతూ చేసేస్తుంది.

అందుకే నాలుగో దారి, 800 మిల్లీయాంప్స్ నుంచి ఒక ఆంపు, ఆ పైన బ్యాలెన్స్ కరెంటు ఇచ్చే కొత్త ఛార్జర్లు, కలర్ స్క్రీన్‌తో అరచేతిలో పట్టే సైజువి. వీటిలో చాలావాటికి కరెంటు ప్లగ్గు ఉండదు, విడిగా పవర్ సప్లై కొనుక్కోవాలి, ఆ ఖర్చు కలిపి లెక్కేసుకోండి. 6ఎస్ ప్యాకులు ఉన్నవాళ్లు, ఒక్క రోజులో పది పన్నెండు ఫ్లైట్లు వేసేవాళ్లు నేరుగా వీటికే వెళ్లాలి. 3ఎస్ ప్యాకులు రెండో మూడో ఉన్నవాడికి ఇది మోటార్ సైకిల్ చాలిన చోట లారీ కొనడం. అయితే ఒక్క సుఖం ఉంది, ఇవి ఒక్కో సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపిస్తాయి, ప్యాక్ ముసలిదవుతుందని వోల్టేజ్ కంటే ముందే అది చెప్పేస్తుంది. పాత బీ6ల్లో అది లేదు. మనసు లాగేస్తే దానికోసం కొనండి, తప్పనను.

ప్యారలల్ బోర్డు గురించి కాస్త గట్టిగానే చెప్తాను. నాలుగు ప్యాకుల మెయిన్ లీడ్లూ, బ్యాలెన్స్ వైర్లూ ఒకే బోర్డుకి కలిపితే ఛార్జర్‌కి అవి ఒక పెద్ద ప్యాక్‌లా కనిపిస్తాయి. బాగా వాడితే టైమ్ కలిసొస్తుంది, నిజమే. కానీ సెల్స్ సంఖ్య అన్నిటికీ ఒకటే ఉండాలి, కలిపే ముందు ప్యాకుల మధ్య సెల్ వోల్టేజ్ తేడా 0.1 లోపు ఉండాలి. నిండిన ప్యాక్‌నీ ఖాళీ ప్యాక్‌నీ కలిపేస్తే, ఛార్జర్ ఆన్ చేయకముందే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కరెంటు వరదలా దూకుతుంది. ముందు మెయిన్ లీడ్లు, తర్వాతే బ్యాలెన్స్ వైర్లు, ఈ వరస తప్పితే ఆ వరదంతా సన్నటి బ్యాలెన్స్ వైర్లలోంచి పోయి ఇన్సులేషన్ కరుగుతుంది. పైగా బీ6కి ఇది తగిలిస్తే లాభం తక్కువ: నాలుగు 2200లు కలిస్తే 8800, 1సీకి 110 వాట్లు దాటాలి, డబ్బాకి అంత లేదు. ఆ 300 మిల్లీయాంప్స్ కూడా నాలుగు ప్యాకులూ పంచుకోవాల్సిందే. అన్నిటికంటే నాకు నచ్చనిది, నాలుగిట్లో ఒక సెల్ పాడవుతుంటే మిగతా మూడూ దాన్ని మోసి కప్పేస్తాయి. స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది, ఏ ప్యాక్‌ది తప్పో పొలంలో తెలుస్తుంది. కొత్తవాళ్లు మొదటి ఏడాది దీని జోలికి పోకండి.

ఇక నా సొంత దెబ్బ. మొదటి బీ6 నేను విజయవాడలో ఒక షాపులో కొన్నాను, షాపు పేరు వదిలేద్దాం. పైన స్టిక్కర్ చూసి ఒరిజినలే అనుకున్నా. రెండు నెలల తర్వాత ఒక ప్యాక్ మధ్యలో మెత్తగా ఉబ్బింది, అప్పడం పొంగినట్టు. పాత ప్యాకేలే అని సర్దుకున్నా. రెండోది కూడా అలాగే అయ్యాక అనుమానమొచ్చి, రాత్రి భోజనాలయ్యాక టేబుల్ మీద మల్టీమీటర్ పెట్టుకుని కూర్చున్నా. ఛార్జర్ స్క్రీన్ మీద 4.20, 4.20, 4.20. నల్ల వైరు నుంచి మొదలుపెట్టి ఒక్కో పిన్ను జతా మీటర్‌తో చూస్తే 4.19, 4.20, 4.27. ఇంకోసారి చూశా, అదే. అంటే ఛార్జర్ చక్కగా బ్యాలెన్స్ చేస్తోంది, తనకి కనిపించే అంకెల్ని. మూడో సెల్ దగ్గర దాని కంటిచూపే తప్పు. ఆ కొలత పూర్తవుతుండగా ప్రోబ్ మొన జారి పక్క పిన్నుకి తగిలింది, చిటుక్కున నిప్పురవ్వ వచ్చి ప్లగ్గు అంచు నల్లబడింది. చూసిన మా అమ్మ "ఏరా, తిండి తినే చోట ఆ బాంబులేంట్రా" అని మొత్తం సామానంతా డాబా మెట్ల కిందకి మార్పించింది. ఇప్పటికీ అక్కడే.

కాబట్టి ఛార్జర్ ఏదైనా, కొన్న మొదటి రోజే ఈ పరీక్ష చేయండి. ఫుల్ అయ్యాక ఒక్కో సెల్ నమ్మకమైన మీటర్‌తో కొలిచి, స్క్రీన్‌తో పోల్చండి. 0.01, 0.02 తేడా పర్లేదు. 0.05 ఉంటే వెనక్కి ఇచ్చేయండి, షాపువాడు ఏం చెప్పినా సరే. ప్రోబ్‌లు నేరుగా ప్లగ్గులో గుచ్చకండి, బ్యాలెన్స్ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కొని దాని మీద కొలుచుకోండి, నాలా నిప్పురవ్వలు చూడక్కర్లేదు. నకిలీ పెద్ద ఛార్జర్ కంటే సరిగ్గా కొలిచే చిన్న ఛార్జర్ మేలు, ఈ విషయంలో నేను తగ్గను.

బీ6లో ఇంకో రెండు జాగ్రత్తలు. మెనూలో లైపో కాకుండా నికెల్, లెడ్ యాసిడ్ కూడా ఉంటాయి, తొందరలో తప్పు రకం నొక్కితే అది మంట పెట్టుకోవడమే. బ్యాలెన్స్ ఛార్జ్ అని విడిగా ఒక మోడ్ ఉంటుంది, ఉత్త ఛార్జ్ అనే మోడ్ కూడా ఉంటుంది. ఆ రెండోది నొక్కి, బ్యాలెన్స్ వైరు తగిలించకుండా వదిలేసేవాళ్లని చాలామందిని చూశాను. అంత డబ్బు పోసి బ్యాలెన్స్ ఛార్జర్ కొని రెండు వైర్ల అడాప్టర్‌లా వాడుకోవడం ఏంటో.

అసలు తేడా ఎప్పుడు కొలవాలన్నది కూడా చెప్పాలి, ఇక్కడ చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. లైపో వోల్టేజ్ దిగేది మెట్లలా సమానంగా కాదు. 3.85 నుంచి 3.7 దాకా మెల్లగా, దాదాపు చదునుగా వెళ్లి, 3.6 కింద కొండ మీద నుంచి జారినట్టు పడిపోతుంది. అందుకే బాగా దించేసిన ప్యాక్‌లో 0.1 తేడా కనిపించినా నిజంగా తేడా పడింది కొద్ది ఎంఏహెచ్‌లే కావచ్చు. అదే 3.8 దగ్గర 0.03 తేడా కనిపిస్తే అది చిన్న విషయం కాదు. ఫ్లైట్ అయిన వెంటనే కొలిచి భయపడకండి, ప్యాక్ చల్లబడ్డాక చూడండి. నేను ప్రతి ప్యాక్ మీద టేప్ అంటించి నెలకోసారి, ఛార్జ్ అయిన మర్నాడు మూడు అంకెలూ రాసుకుంటా. ప్రతిసారీ ఒకే సెల్ వెనకబడుతుంటే ఛార్జర్‌ది తప్పు కాదు, సెల్‌ది. దానికి ఒక ఆంపు బ్యాలెన్సర్ తెచ్చినా రేపటికి మళ్లీ అక్కడికే వస్తుంది.

కొన్నిసార్లు సెల్‌దీ తప్పు కాదు, మనదే. ఒకడు రాత్రిపూట ఎగరేయడానికి రెక్కలకి ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టి, దాని కరెంటు బ్యాలెన్స్ ప్లగ్‌లో రెండు సెల్స్ నుంచి లాగాడు. మూడో సెల్ దర్జాగా కూర్చుంటే మిగతా రెండే కూలి చేశాయి. వోల్టేజ్ తగ్గితే అరిచే లో వోల్టేజ్ బజర్‌ని ప్లగ్గులోనే వదిలేసి వారం మర్చిపోయినా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు స్టోరేజ్ సంగతి. విజయవాడ మే నెల మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, కొన్ని రోజులు 45 డిగ్రీలు కూడా దాటుతుంది, లైపోకి ఛార్జింగ్ చేయదగ్గ హద్దు కూడా దాదాపు అక్కడే. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న ప్యాక్‌ని ఆ వేడిలో అటక మీద వారం ఉంచితే, బ్యాలెన్స్ ఎంత చక్కగా చేసినా ఉబ్బే ప్రమాదం ఉంది. సెల్‌కి 3.8, 3.85 దగ్గర ఉంచాలి. ఆదివారం వాన పడి ఎగరేయలేదనుకోండి, నిండిన ప్యాకుల్ని దించాలి. బీ6 లోపలి డిశ్చార్జ్ 5 వాట్లే, ఒక్క 2200 ప్యాక్ దించడానికి రెండు గంటల పైనే పడుతుంది. నేను చేసే పని వేరే. ఆటోనగర్‌లో దొరికే 12 వోల్ట్ 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బుకి, ప్యాక్ మెయిన్ లీడ్‌కి సరిపోయే ఎక్స్‌టీ60 ప్లగ్గు పెట్టి దాన్ని ప్యాక్‌కి తగిలిస్తా, బ్యాలెన్స్ ప్లగ్‌కి బజర్‌ని 3.8కి సెట్ చేసి పెడతా. లోడ్ మీద వోల్టేజ్ కొంచెం తక్కువ చూపిస్తుంది కాబట్టి, బజర్ అరిచాక తీసేస్తే కాసేపటికి 3.83, 3.84 దగ్గర నిలబడుతుంది. అరగంట, నలభై నిమిషాల పని. బల్బు బాగా వేడెక్కుతుంది, పక్కన పేపర్లు ఉంచకండి, వదిలేసి బయటికి మాత్రం పోకండి. బల్బు వెలిగించి నిద్రపోతే ప్యాక్ సున్నాకి పోతుంది. ఇక ఛార్జింగ్ పెట్టడానికి కుమ్మరి దగ్గర కొన్న వెడల్పు మట్టి తొట్టి, అడుగున కృష్ణ ఇసుక. మంట తట్టుకుంటాయని అమ్మే లైపో బ్యాగుల కంటే నాకు దీని మీదే నమ్మకం.

మళ్లీ ఆ కుర్రాడి దగ్గరకి. వాడి దగ్గర 3ఎస్ 2200లు రెండు, ఇంకోటి కొనే ఆలోచన ఉంది, 6ఎస్ ఊసు ఇంకా రెండేళ్లదాకా లేదు. బీ6 రకంలో 80 వాట్లది, నమ్మకమైన చోట బిల్లుతో కొనమన్నాను, పెద్దది కొనే డబ్బుల్లో మిగిలినవి మంచి మల్టీమీటర్‌కీ, ఒక కొత్త ప్యాక్‌కీ పెట్టమన్నాను. కొన్నాడు. ఆ పాత ప్యాక్‌ని పారేయడానికి మనసొప్పక కొత్త ఛార్జర్‌లో బ్యాలెన్స్ పెట్టాడు, స్క్రీన్ మీద మూడూ 4.20 రావడానికి రెండు గంటల పైన పట్టిందట. సంతోషంగా ఫోటో పంపాడు. రేపు పొద్దున మళ్లీ కొలిచి పంపు అన్నాను. పొద్దున వచ్చిన మెసేజ్‌లో 4.19, 4.19, 4.08. ఇక పారేయడానికే ఒప్పుకుని, ఆ సాయంత్రమే బల్బు తగిలించి పూర్తిగా ఆరిపోయేదాకా దింపేశాడు, దాని ఎక్స్‌టీ60 ప్లగ్గు మాత్రం కోసి దాచుకున్నాడు.